రుబియో ఎవరు బిడ్డా?

2025 మే ఆఖరు దాకా మా నాన్నకు మార్కో రుబియో ఎవరో తెలియదు. నాకూ అంతంతే. ట్రంప్ కొత్త సర్కారులో విదేశాంగ మంత్రి, జనవరిలో సెనేట్ 99–0తో ఓకే చేసింది... పరీక్షల కోసం చదివిందే. విదేశాంగ మంత్రంటే షేక్‌హ్యాండ్లు, ఫొటోలు అనుకునేదాన్ని.

మే 27న ఆయన పేరుతో అన్ని దేశాల్లోని అమెరికా కాన్సులేట్లకు ఆదేశం వెళ్లింది: స్టూడెంట్ వీసాలకు కొత్త స్లాట్లు ఆపండి. మన నానక్‌రాంగూడకూ అదే. స్లాట్ ముందే ఉన్నోళ్లకు ఇబ్బంది లేదు. నాకు లేదు. ‘వచ్చే వారం చూద్దాంలే’ అన్నది నేనే. బడంగ్‌పేట్ ప్లాటు కాగితాలేమో అప్పటికే బ్యాంకులో ఉన్నాయి.

"రుబియో ఎవరు బిడ్డా?"

"మన జైశంకర్ లెక్క, నాన్నా."

"మరి జైశంకర్‌నే అడుగరాదు?"

వీసా ఇచ్చేదీ, ఇవ్వనిదీ ఆ దేశం ఇష్టమని చెప్పేసరికి నా గొంతు పూడుకుపోయింది.

జూన్ 18న మళ్లీ మొదలుపెడుతున్నామన్నారు. షరతు: సోషల్ మీడియా అకౌంట్లు పబ్లిక్‌లో పెట్టాలి. పెట్టా. వీసా ఆఫీసర్ చూస్తాడో లేదోగానీ, మా నాన్న నా ఇన్‌స్టా మొత్తం చూశాడు. గోవా ఫొటో దగ్గర వేలు ఆగింది.

"ఇది కాలేజీ టూర్ అన్నవ్ కదా?"

శంషాబాద్ వైపు విమానం ఒకటి దిగుతోంది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డా.