దిద్దలేని శుభలేఖ

పెద్దాపురంలో మా బాబాయిగారు డీటీపీ కొట్టు నడిపేవారు. మరిడమ్మ జాతర కరపత్రాలు, శుభలేఖలు, అన్నీ కోరెల్‌డ్రాలోనే. ఆయన పోయాక ఆ ఫైళ్ళు నా పాలికి వచ్చాయి. నా దగ్గరున్నది లినక్సు. కోరెల్‌డ్రా 2000లో వైన్ ఆసరాతో లినక్సుకూ వచ్చింది గానీ నిలదొక్కుకోలేదు. కనుక ఇంక్‌స్కేప్‌లో తెరిచాను. అమ్మవారి బొమ్మ, లతల అంచు చెక్కుచెదరలేదు. రాత మాత్రం ఇంగ్లీషు గుర్తుల కలగాపులగం! ఆనాటి ఖతులు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో మన తలకట్లనూ గుడులనూ కాపురం పెట్టించాయి మరి. ఆ ఖతి లేనిచోట తాను తెలుగునన్న సంగతి ఫైలుకే తెలియదు.

1995లో యునిక్సు కోసం మొదలైన జింప్‌ను తరువాత విండోసుకు తెచ్చిన టోర్ లిల్‌క్విస్ట్, దాని మీటలనూ కిటికీలనూ గీసే జీటీకేను కూడా మోసుకురావలసి వచ్చింది. కొత్తింట్లోకి ముందు పొయ్యి చేరాలి కదా! నాకు ఆ పొయ్యి ఖతి. అది బాబాయిగారి పాత డిస్కుతోనే పోయింది.

ఒక్క ఫైలు నిండుగా తెరుచుకుంది: చెల్లి పెళ్ళి శుభలేఖ. అచ్చుకు పంపేముందు ఆయన అక్షరాలను గీతలుగా మార్చేశారు. చదువుకోవచ్చు, దిద్దలేము. పిన్ని పేరులో ఒక వత్తు తప్పింది. అలాగే ఉంచాను.