బంతికీ వీసా కావాలి!

1950లో మొదలైన బాస్కెట్‌బాల్ ప్రపంచకప్ 2027లో దోహాకు వస్తోంది. మన జగిత్యాల వాళ్లు అక్కడికి ఎప్పుడో చేరుకున్నారు.

మా మేడిపల్లి మండలంలో ఎవరు ఏ దేశం పోయినా 'దుబాయి పోయిండు' అనే అంటారు. మస్కట్ పోయినా దుబాయే, కువైట్ పోయినా దుబాయే. వీసా సంగతికొచ్చేసరికి మాత్రం ఎక్కడలేని తేడాలూ విడమరిచి చెబుతారు. కంపెనీ వీసా వేరు, విజిట్ వీసా వేరు, ఆజాద్ వీసా వేరు. పదో తరగతి పాసైనవాడి పాస్‌పోర్టు వేరు, తప్పినవాడిది వేరు. చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే అమ్మలక్కలు కూడా ఈ లెక్కలన్నీ తడుముకోకుండా అప్పజెబుతారు.

ఆటల గురించి రాస్తానని ఈ వీసాల గోల ఏమిటంటారా? బాస్కెట్‌బాల్ ప్రపంచకప్ చరిత్ర చదువుతుంటే నాకు అడుగడుగునా మా ఊరే గుర్తొచ్చింది మరి. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నది సగం కథే. ఎవరిని రానిచ్చారు, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపేశారు అన్నది మిగతా సగం.

పండ్ల బుట్టతో మొదలు

1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు చలికాలంలో కుర్రాళ్లను నాలుగు గోడల మధ్య ఆడించడానికి ఓ ఆట కనిపెట్టాడు. రెండు పండ్ల బుట్టలను పైన బాల్కనీకి కొట్టించి, బంతిని అందులో వేయమన్నాడు. అదే బాస్కెట్‌బాల్. వైఎంసీఏ వాళ్లు దాన్ని ఊరూరా, దేశదేశాలా తిప్పారు. మన దేశానికీ వాళ్ల చేతుల మీదుగానే వచ్చింది. 1934 నాటికే ఢిల్లీలో పురుషుల జాతీయ పోటీలు జరిగాయి.

పురుషుల ప్రపంచ పోటీ మాత్రం 1950లో గానీ మొదలవలేదు. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరీస్‌లో 10 జట్లు ఆడాయి. ఫైనల్ రోజు ఆతిథ్య జట్టు 64-50తో అమెరికాను ఓడించింది. ఊరు ఊరంతా కాగితాలు చుట్టి కాగడాలుగా వెలిగించి వీధుల్లో పడింది. ఆ సంబరం ఎంతో కాలం నిలవలేదు. 1955లో పెరాన్ ప్రభుత్వం కూలింది. గెలిచిన ఆటగాళ్లకు గత ప్రభుత్వం కారు దిగుమతి చేసుకునే పర్మిట్లు ఇచ్చిందనీ, అంటే వీళ్లు డబ్బుకు ఆడినట్లేననీ కొత్త పాలకులు తేల్చారు. ప్రపంచ విజేతలను ఆటకే దూరం చేశారు. ఒక్క పర్మిట్ కాగితంతో బతుకులు తలకిందులు కావడం మా వైపు వాళ్లకు కొత్తేమీ కాదు.

ఆడనంటే ఆడను!

1959లో చిలీ వంతు వచ్చింది. ఇండోర్ స్టేడియం సమయానికి సిద్ధం కాకపోవడంతో చివరి దశ మ్యాచ్‌లను ఫుట్‌బాల్ మైదానంలో, ఆకాశం కిందే ఆడించారు. సోవియట్ యూనియన్ అందరినీ చిత్తు చేసుకుంటూ వచ్చింది. అమెరికా పంపిన వైమానిక దళం జట్టునూ ఓడించింది. కప్పు చేతికి అందినట్లే అనుకుంటుండగా తైవాన్‌తో మ్యాచ్ వచ్చింది. 'ఆ దేశాన్ని మేం గుర్తించం, ఆడం' అంది సోవియట్. బల్గేరియా కూడా అదే మాట అంది. మంకుపట్టుకు ఫలితంగా సోవియట్ ఆరో స్థానానికి పడిపోయింది. కప్పు బ్రెజిల్‌కు దక్కింది.

ఆ తర్వాతి పోటీ ఫిలిప్పీన్స్‌లోని మనీలాలో జరగాలి. కమ్యూనిస్టు దేశమైన యుగోస్లావియా జట్టుకు వీసాలివ్వబోమని అక్కడి ప్రభుత్వం భీష్మించింది. అంతర్జాతీయ సమాఖ్య కూడా తగ్గలేదు. పోటీనే ఎత్తుకుపోయి 1963లో రియోలో పెట్టింది. ఆ కప్పూ బ్రెజిల్‌దే. బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే ఫిలిప్పీన్స్ ప్రజలు మరో పదిహేనేళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. 1978లో ఎట్టకేలకు మనీలాలో, ఆసియాలోనే మొదటిసారిగా, ప్రపంచ పోటీ జరిగింది. గెలిచిందెవరో తెలుసా? ఒకప్పుడు అదే ఊరికి రానివ్వని యుగోస్లావియా! ఫైనల్లో ఒకే ఒక్క పాయింటు తేడాతో, 82-81తో సోవియట్‌ను ఓడించింది.

విడిపోయిన స్నేహితులు

ఈ చరిత్రలో నన్ను బాగా కలచివేసింది 1990 నాటి ఘట్టం. మళ్లీ అర్జెంటీనాలోనే. యుగోస్లావియా 92-75తో సోవియట్‌పై గెలిచింది. సంబరాల్లో ఒక అభిమాని క్రొయేషియా జెండాతో మైదానంలోకి వచ్చాడు. సెర్బు ఆటగాడు వ్లాదే దివాచ్ ఆ జెండాను లాగేసుకున్నాడు. ఇది మన దేశపు గెలుపు, ఏ ఒక్క ప్రాంతానిదో కాదన్నది అతని వాదన. అతని ప్రాణస్నేహితుడు, క్రొయేషియాకు చెందిన ద్రాజెన్ పెత్రోవిచ్ ఆ తర్వాత మాట్లాడటం మానేశాడు. మరుసటి ఏడాది ఆ దేశం యుద్ధంలో ముక్కలైంది. 1993లో పెత్రోవిచ్ రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఇద్దరూ మళ్లీ మనసు విప్పి మాట్లాడుకోనేలేదు.

1994 పోటీ బెల్‌గ్రేడ్‌లో జరగాల్సింది. ఐక్యరాజ్యసమితి ఆంక్షలతో అది టొరంటోకు తరలిపోయింది. యుగోస్లావియాకు ప్రవేశమే లేదు. ఆంక్షలు తొలగాక 1998లో వచ్చి కప్పు కొట్టుకుపోయింది. 2002లో ఏకంగా అమెరికా గడ్డమీదే గెలిచింది. 2003లో ఆ దేశం పేరే మ్యాపులోంచి మాయమైంది. గెలిచిన కప్పులున్నాయి, గెలిచిన దేశమే లేదు.

ఇక్కడో విశేషం. ఆట పుట్టింది అమెరికాలో కదా, కప్పులన్నీ వాళ్లవే అనుకుంటాం. 1950 నుంచి 2023 వరకు జరిగిన 19 పోటీల్లో అమెరికా గెలిచింది 5. మాయమైన యుగోస్లావియా గెలిచిందీ 5! ఎన్‌బీఏలో ఆడే వృత్తి ఆటగాళ్లకు 1989 వరకు ఈ పోటీలో చోటు లేదు. దాంతో అమెరికా మొదట్లో కంపెనీ జట్లనూ, సైనిక జట్లనూ పంపేది. తలుపులు తెరిచాక కూడా 2002లో సొంతగడ్డ మీద ఆరో స్థానమే దక్కింది. 2006లో సెమీఫైనల్లో గ్రీస్ చేతిలో, 101-95తో ఓడింది. 2023లో మనీలాలో జర్మనీ మొదటిసారి కప్పెత్తింది.

మనమెక్కడ?

ఆ 19 పోటీల్లో ఒక్కదానిలోనూ భారత్ ఆడలేదు. మన సమాఖ్య ఏర్పడిందీ 1950లోనే, ప్రపంచ పోటీ మొదలైందీ 1950లోనే. ఇన్నేళ్లలో రెండూ కలుసుకోలేదు. ఆసియా పోటీల్లో 1975లో బ్యాంకాక్‌లో సాధించిన నాలుగో స్థానమే మనకు ఇప్పటికీ గొప్ప. 2014లో చైనాను చైనాలోనే ఓడించిన రోజూ ఉంది. 2025 ఆగస్టులో జెద్దాలో జరిగిన ఆసియా కప్‌లో మాత్రం మూడింటికి మూడూ ఓడి ఇంటిదారి పట్టాం.

మా ఊళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. వాలీబాల్‌కు రెండు గుంజలు, ఒక నెట్టు చాలు. కబడ్డీకి అదీ అక్కర్లేదు, ముగ్గుపిండితో గీత గీస్తే సరి. బాస్కెట్‌బాల్‌కు సిమెంటు కోర్టు కావాలి, ఇనుప స్తంభం కావాలి, పైన బోర్డు కావాలి. బంతి సరిగ్గా ఎగరాలంటే నేల గట్టిగా ఉండాలి. వరి కోసిన మళ్లలో ఆడే ఆట కాదిది.

చిన్నాయన చూడని మ్యాచ్

2023 ఏప్రిల్‌లో 2027 ప్రపంచకప్‌ను ఖతర్‌కు ఇచ్చారు. ఆగస్టు 27 నుంచి సెప్టెంబరు 12 వరకు 32 జట్లు దోహాలో ఆడతాయి. ఈ వార్త విన్నాక నాకు మొదట గుర్తొచ్చింది మా చిన్నాయన. దోహాలో షట్టరింగ్ పని చేసి వచ్చిన మనిషి. ఇప్పుడు మేడిపల్లిలో రెండెకరాల వరి చూసుకుంటున్నాడు.

2005 సెప్టెంబరులో దోహాలో ఆసియా బాస్కెట్‌బాల్ పోటీలు జరిగాయి. ఫైనల్లో లెబనాన్‌ను ఓడించి చైనా గెలిచింది. ఆ మరుసటి ఏడాది ఆసియా క్రీడలు కూడా అక్కడే కావడంతో ఊరంతా కట్టడాలే. చిన్నాయన అప్పుడు అక్కడే ఉన్నాడు.

"మ్యాచ్‌లేమన్న చూసినవా చిన్నాయనా?" అని అడిగాను.

"ఏం మ్యాచ్ కొడుకా! పొద్దుగాల నాలుగింటికి బస్సెక్కుతుంటిమి. గదే నెలల మీ తాత సచ్చిపోయిండని ఫోనొచ్చె. పాస్‌పోర్టేమో కంపెనోని పెట్టెల ఉండె. ఎగ్జిట్ కాయిదం మీద కఫీల్ సంతకం కావాల్నాయె. ఆయన ఊళ్లె లేడన్నరు. నేనొచ్చేసరికి దినాలు గూడ అయిపోయినయ్."

ఆ పదకొండు రోజులూ మా నాయన ఒక్కడే కర్మకాండ చేశాడు. చిన్నోడు వస్తాడని నాయనమ్మ వాకిట్లో మంచమేసుకుని కూర్చోవడం నాకు తెలుసు. అదే నెలలో, అదే ఊళ్లోకి ఆసియా దేశాల ఆటగాళ్లంతా ముద్రలు వేయించుకుని దర్జాగా దిగారు, ఆడారు, వెళ్లిపోయారు. వాళ్ల తప్పేమీ లేదు. కానీ నాకు ఆ రెండు సంగతులనూ విడివిడిగా చూడటం చేతకావడం లేదు.

అప్పటికీ ఇప్పటికీ కొంత మారింది. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు ముందు కూలీల బతుకుల మీద ప్రపంచమంతా నిలదీసింది. ఖతర్ చట్టాలు సవరించింది. చాలామంది కార్మికులకు ఎగ్జిట్ కాగితం అవసరం లేకుండా చేసింది. 2020 నుంచి పాత యజమాని అనుమతి లేకున్నా ఉద్యోగం మారొచ్చు. 2021 మార్చి నుంచి కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లు. వీటి వెనక, శంషాబాద్ విమానాశ్రయంలో దిగిన శవపేటికలు ఉన్నాయన్న సంగతి మా జిల్లాలో ఎవరూ మరచిపోలేదు.

ఈసారి ఎవరు చూస్తారు?

చిన్నాయన కొడుకు, అంటే మా తమ్ముడు, 2021 నుంచి దోహాలో ఏసీ మెకానిక్. రెండేళ్లకోసారి సెలవు. 2023లో వచ్చాడు, 2025లో వచ్చాడు. లెక్కప్రకారం మళ్లీ 2027లో రావాలి.

వాడి కొడుకు గురుకులంలో ఏడో తరగతి. అక్కడ సిమెంటు కోర్టు ఉంది. పీఈటీ సారు బంతి చేతికిచ్చిన రోజు నుంచి వీడికి వేరే లోకం లేదు. దసరా సెలవులకు ఇంటికొస్తే గొడ్ల కొట్టం గోడకు పాత సైకిల్ రిమ్ము కొట్టించుకుని ఆడుతున్నాడు. నేను ప్రపంచకప్ దోహాలో అని చెప్పగానే వీడియోకాల్‌లో తండ్రిని పట్టుకున్నాడు.

"డాడీ, ఆగస్టుల రాకు. దసరాకు రా. మ్యాచ్‌లు చూసి నాకు వీడియోలు పంపు."

అవతల తమ్ముడు నవ్వాడు. ఇక్కడ మా మరదలు బీడీల కట్టకు దారం చుడుతూ ఆగిపోయింది. రెండేళ్లు రోజులు లెక్కపెట్టుకునే మనిషికి ఇంకో రెండు నెలలు ఆగమంటే ఎలా ఉంటుంది! చిన్నాయన మాత్రం చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మనవడి వైపు తిరిగి, "చూడనియ్యిరా. మీ డాడీనన్న చూడనియ్యి" అన్నాడు.

ఖతర్‌లో మనదేశం వాళ్లు 7 లక్షలకు పైగా ఉన్నారు. భారత జట్టు అక్కడ ఆడినా ఆడకపోయినా, స్టేడియంలో ఏసీలు నడిపేవాళ్లలో, ఊడ్చేవాళ్లలో, బస్సులు తోలేవాళ్లలో మనవాళ్లు ఉంటారు. వాళ్లలో కొందరైనా పనిబట్టలు విప్పి, టికెట్టు కొనుక్కుని, కుర్చీలో కూర్చుని ఒక్క మ్యాచ్ పూర్తిగా చూడాలని నా ఆశ.

తమ్ముడు కొడుకుకు ఇంకా మాట ఇవ్వలేదు. సెలవు కాగితంలో ఏ నెల రాయాలో నిర్ణయించేది వాడు కాదు కదా, కంపెనీ!