సూత్రక్రీడ

గత వేసవి సెలవులలో నేను మూడు విద్యలు నేర్వ సంకల్పించితిని. రెండు సూదులతో ఉన్ని అల్లుట, కొక్కెపు సూదితో లేసు అల్లుట, ఇంట రొట్టె కాల్చుట. బడిపంతులునకు ఈ వ్యామోహమేల కలిగెనని చదువరులు నవ్వవచ్చును. నవ్వినను తప్పు లేదు. అందరికంటె ముందు నవ్వినది మా అమ్మయే. ఏటేట ఏడు వారముల సెలవులను చేతిలోని ఫోనునకు అర్పించి, బడి తెరచునాటికి కన్నుల మంటయు మనస్సున అలసటయు మిగుల్చుకొనుట నాకు అలవాటైనది. ఈసారి చేతులకు పని చెప్పి మనస్సునకు విశ్రాంతి నొసగుదమని తలచితిని. విశ్రాంతి కొంత లభించినది. దానితోబాటు నేను వెదకనిది మరియొకటియు లభించినది. దానిని చెప్పుటకే ఈ వ్యాసము.

మొదట ఉన్ని పట్టితిని. మాది నరసాపురమునకు చేరువనున్న పల్లె. మే నెల ఉక్కలో ఉన్ని దారము వ్రేళ్ళకు చుట్టుకొని కూర్చుండువాని అవస్థ చెప్పనలవి కాదు. చెమటకు దారము చేతికి అంటుకొనును, సూదులు జారును. నాలుగు వ్రేళ్ళ వెడల్పు పట్టీ ఒకటి అల్లి, దానిని ఈ ఊర ఎవరి మెడకు చుట్టవలెనో తోచక పెట్టెలో వైచితిని. ఐనను ఒక సంగతి తెలిసినది. ఉన్ని అల్లికలో కుట్ల వరుస అంతయు సూదిపై నిలిచియుండును. ఒక్క కుట్టు జారినచో క్రింది వరుసలు నిచ్చెనమెట్లవలె విడివడును. ఇట్లు వరుసగా సాగు పనిని యంత్రమునకు నేర్పవచ్చును. ఇంగ్లండులో విలియం లీ అనునతడు 1589లోనే మేజోళ్ళు అల్లు యంత్రమును కల్పించెను. కొక్కెపు అల్లిక అట్టిది కాదు. అందు సూదిపై ఉండునది సాధారణముగా ఒక్క ఉచ్చు మాత్రమే. సూది ఇప్పుడల్లిన కన్నములోనికో, మూడు వరుసల క్రింద అల్లిన కన్నములోనికో, ముందునుండియో వెనుకనుండియో, అల్లువారి ఇచ్చవచ్చినట్లు దూరును. అందుచేత నిజమైన క్రోషే నేటికిని చేతి పనిగనే నిలిచియున్నది. క్రోషే బల్లగుడ్డ ఏ దేశపు అంగడిలో కనబడినను, దాని వెనుక మనుష్యుల చేతులున్నవనియే అర్థము. ఈ మాటతో మరల పని కలదు గనుక చదువరులు మనస్సున నుంచుకొందురు గాక.

రొట్టె కథ వేరు. ఈస్టు అను సూక్ష్మజీవి పిండిలోని చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును విడచును. గోధుమపిండికి గల సాగుడు గుణము ఆ వాయువును బుడగలుగా బంధించును. రొట్టె పొంగుటలోని రహస్యమంతయు ఇంతే. చలిదేశములవారు వ్రాసిన పద్ధతిని నమ్మి మొదటి దినమున పిండిని రెండు గంటలు విడచితిని. మా వంటింటి వేడికి అది గంటలోపలనే గిన్నె దాటి పొరలెను, పులిసి, చతికిలబడెను. ఆ దినపు రొట్టెను మా ఇంటావిడ మారుమాటాడక ముక్కలు చేసి, ఉల్లిపాయలు వేసి ఉప్మా చేసినది. మా ఇంట రొట్టె కాల్చు పెట్టె లేదు. కుక్కరులో ఇసుక పరచి, మూతకుండు రబ్బరు చక్రమును విజిలును తీసివైచి, ఇసుకపై గిన్నె నిలిపి కాల్చితిని. మా అమ్మ చూచి, "ఇదేముందిరా, దిబ్బరొట్టి కాల్చినట్టే గదా! మేం మూత మీద నిప్పులు వేసేవాళ్ళం," అనెను.

నాల్గవ రొట్టె బాగుగా వచ్చినది. ఇరుగుపొరుగువారికి తలకొక ముక్క పంచితిని. మేష్టారు స్వయముగా రొట్టె కాల్చిరట అను వార్త రెండు వీధులు తిరిగినది. తోడి ఉపాధ్యాయులు ఫోనులో అభినందించిరి. ఆ రాత్రి ఇడ్డెనల పిండికి ఉప్పు కలుపుచు మా ఇంటావిడ, "పిండి పులియబెట్టడం నేను రోజూ చేసే పనేనండీ," అనినది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు; నిజము మాత్రమే ఉన్నది. నేను నవ్వి ఊరకుంటిని. ఊరకుండుట ఎంత సులువో ఆ తరువాత తెలిసినది.

మూడవది లేసు. దీనికి గురువును వెదక నక్కరలేకపోయెను. మా అమ్మకు డెబ్బది దాటినవి. కంటి శుక్లములకు చికిత్స జరిగినది. నలువది యేండ్లు లేసు అల్లిన ఆమె ఎడమచేతి చూపుడువ్రేలిపై, దారము రాచి రాచి పడిన గీటు నేటికిని కలదు. నా చిన్ననాటినుండి ఆ వ్రేలిని చూచుచునే యున్నాను. ఆ గీటు ఎందుకు పడినదో ఎన్నడును అడుగలేదు. అరుగుమీద ఆమె ప్రక్కన కూర్చుండి దారము పట్టినప్పుడు గాని నా కది కనబడలేదు. ఆరు గొలుసుకుట్లు వేసి, వానిని కలిపి వలయము చేసి, వలయము చుట్టును రేకులు ఎత్తవలెను. నాది మొదటనే వంకరపోయెను.

"కుట్లు తక్కువైతే పువ్వు గిన్నెలా ముడుచుకుపోద్ది. ఎక్కువైతే అంచు అలలు తిరుగుద్ది. లెక్క చూసుకోరా," అని మా అమ్మ చెప్పెను. లెక్కల పంతులును కాకపోయినను, పదునాలుగు వరకు లెక్కించుట నాకు వచ్చుననియే ఇంతవరకు నమ్మియుంటిని.

జానెడు వెడల్పు గుడ్డ ఒకటి అల్లుటకు దినమునకు రెండేసి గంటల చొప్పున పదునొకండు దినములు పట్టినవి. ఇంటికి వచ్చినవారందరును దానిని చేతికి తీసికొని మెచ్చిరి. "ఏమి ఓర్పు, ఏమి అభిరుచి!" అనిరి. ఒక మిత్రుడు దానికి చట్రము కట్టించి గోడకు తగిలింపుమని సలహా ఇచ్చెను. మా అమ్మ అదే గదిలో మూల పీటపై కూర్చుండియుండెను. ఆమె అల్లిన లేసు సముద్రములు దాటిపోయినది. ఆ మెచ్చుకొన్నవారిలో ఒక్కరైనను ఎన్నడును ఆమెతో "ఏమి ఓర్పు" అని యుండలేదు. నేనును అనలేదు.

మా వీధిలో దారము ఇచ్చి, అల్లిన పువ్వులు తీసికొనిపోవు ఏజెంటు ఒక ఆమె కలదు. పువ్వులు ఒకరు అల్లుదురు. వానిని కలిపి కుట్టు అతుకుపని మరియొకరు చేయుదురు. కూలి గంటలను బట్టి కాదు, అల్లిన సరకును బట్టి. నా గుడ్డను ఆమెకు చూపి, దీనికి ఎంత కట్టెదవని పరిహాసమునకు అడిగితిని. ఆమె దానిని అరచేతిలో త్రిప్పి చూచి, "అంచు సరిగా లేదు మేష్టారూ, అయినా మీరు గాబట్టి పూర్తి కూలి కట్టేస్తాను," అని నవ్వి ఒక మొత్తము చెప్పినది. ఇరువదిరెండు గంటల పనికి ఆమె చెప్పిన మొత్తము నా నాల్గవ రొట్టెలో వేసిన వెన్నకును చాలదు. పరిహాసము అచ్చటితో ఆగిపోయెను.

ఈ లేసు మన నేలమీద పుట్టినది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు దీనిని గోదావరి సీమలోని పేద స్త్రీలకు నేర్పిరి. ఆ శతాబ్దముననే ఐర్లండులో 1845లో బంగాళాదుంపల పైరు చెడి మహాక్షామము కలుగగా, అచ్చటి స్త్రీలును క్రోషే అల్లి కుటుంబములను నిలుపుకొనిరి. రెండు చోటులను ఇది వినోదముగా రాలేదు, కూటికై వచ్చినది. గడప దాట నక్కరలేని పని గనుక, స్త్రీలు బయట తిరుగుట మర్యాద కాదనుకొన్న ఇండ్లలోనికి కూడ ఇది చొచ్చుకొనిపోయెను. ఆ సౌకర్యమే దీనికి శాపమైనది. జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ నరసాపురపు లేసు స్త్రీలను గూర్చి పరిశోధించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆమె చూపిన సంగతి ఇది: ఈ స్త్రీలు ప్రపంచ విపణికి సరకు తయారు చేయుచున్నను, వారిని లోకము గృహిణులనియే ఎంచినది, వారి పనిని తీరిక వేళల పని అనినది. తీరిక వేళల పనికి కూలి తక్కువైనను ఎవరికిని తప్పుగా తోచదు. అల్లినవారు స్త్రీలు, వ్యాపారముచే పైకి వచ్చినవారు ఎక్కువగా పురుషులు. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక సూచిక లభించినది. ఊరి పేరునకు రక్షణ కలిగినందుకు సంతోషమే. అల్లిన చేతికి ఇంకను పేరు రావలసియున్నది.

ఇచ్చట నా తప్పు ఒకటి ఒప్పుకొనవలసియున్నది. 2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కలు జరిగినప్పుడు, అనేక ఉపాధ్యాయులవలెనే నేనును గణకుడనైతిని. మా వీధియు నా భాగములోనిదే. ప్రతి యింటను స్త్రీలను, "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగితిని. "ఏముంది బాబూ, ఇంట్లోనే," అని వారు చెప్పిరి. చెప్పుచున్నప్పుడు అనేకుల చేతులలో సూది ఆడుచునే యుండెను. ఆ సూదిని చూచుచునే వారిని పని చేయనివారి క్రింద, గృహకృత్యములు అను అంకె వేసి వ్రాసితిని. పత్రములో లోపము లేదు. ప్రతిఫలమున్నను లేకున్నను ఆర్థికముగా ఫలమిచ్చు ప్రతి పనియు పనియే అని మాకు స్పష్టముగా బోధించియుండిరి. గృహపరిశ్రమకు ఒక వర్గమే కలదు. మరియొక్క ప్రశ్న అడిగియుండిన సరిపోయెడిది. ఎండ ముదురుచుండెను; ఇండ్లు ఇంకను మిగిలియుండెను; నేను అడుగలేదు.

మా యింటి పత్రము మరియు ఘోరము. మా అమ్మను ఆ ప్రశ్న అసలే అడుగలేదు. నా బి.ఏ. చదువునకును, ఉపాధ్యాయ శిక్షణకును కట్టిన రుసుము ఆమె లేసు డబ్బులు దాచుకొను రేకు డబ్బాలోనుండి వచ్చినది. ఆ డబ్బాతో చదివి సంపాదించిన అక్షరములతోనే, ఆ తల్లి పేరునకెదురుగా ఆమె పని చేయనిదని వ్రాసితిని.

వాత్స్యాయనుడు లెక్కించిన అరువదినాలుగు కళలలో సూచీవానకర్మ అనియు, సూత్రక్రీడ అనియు రెండు వేర్వేరుగా కలవు. కళాశాలలో ఈ పట్టికను వల్లించిననాడు ఈ రెండింటి భేదమును గూర్చి నేను ఆలోచింపలేదు. శాస్త్రకారుని ఉద్దేశమెట్లున్నను, నాకు ఈ వేసవిలో తోచిన అర్థమిది. దారము ఒకటే. విడచిపెట్టగలిగినది క్రీడ, విడువ వీలులేనిది కర్మ. ఉన్ని నాకు విసుగు పుట్టించినది, పెట్టెలో వైచితిని, ఎవరును పస్తుండలేదు. మా అమ్మకు జ్వరము వచ్చిన దినమునను దారము దారముగా నుండరాదు, పువ్వులు కావలసినదే. నేను ఆడుకొన్నదానిని లోకము కళ అనినది; ఆమె పాటుపడినదానిని లోకము ఆట అనినది. పేర్లు తారుమారైనప్పుడు నష్టపడువారు ఎవరో చెప్పనక్కరలేదు.

అట్లని వినోదముగా అల్లుకొనువారిని నేను నిందింపను. పురుషులు సూది పట్టవలెననియే నా మతము. పదునొకండు దినములు నడుము నొచ్చిన గాని నాకు జానెడు గుడ్డ వెల తెలియలేదు. స్త్రీవిద్యను గూర్చియు స్త్రీస్వాతంత్ర్యమును గూర్చియు మన పత్రికలలో నూరేండ్లకు పైగా వ్రాయుచున్నాము, నేనును వ్రాసితిని. కాని సంస్కారమునకు ఒక్కొకప్పుడు పెద్ద మాటలు అక్కరలేదు. ఎదుటి చేతిలో ఏమున్నదో చూచి, మరియొక్క ప్రశ్న అడిగి, చెప్పినదానిని ఉన్నదున్నట్లు వ్రాసిన చాలును. అంగడిలో లేసు గుడ్డను బేరమాడునప్పుడు, దీనికి ఎన్ని గంటలు పట్టినవని ఒకసారి తలచిన చాలును. యంత్రము చేయజాలని పనికి మనుష్యుని వెల కట్టుట న్యాయము.

తరువాతి జనాభా లెక్కలకు 2027 మార్చి 1 ఆధారదినమని 2025లో ప్రకటించిరి. ఆ పని మరల నాకు వచ్చునో రాదో. రాకున్నను ఒక పత్రము సరిదిద్దుకొనవలసియున్నది. సెలవులు ముగియు ముందటి సాయంకాలము అరుగుమీద మా అమ్మ నా గుడ్డ అంచు విప్పి తిరిగి అల్లుచుండగా, "అమ్మా, నువ్వు ఏం పని చేసేదానివి?" అని అడిగితిని.

ఆమె తల ఎత్తలేదు. "ఉండరా, లెక్క తప్పుద్ది," అనెను. వరుస ముగించి, దారము వ్రేలికి చుట్టుకొని, ఇదేమి ప్రశ్న అన్నట్లు నా వైపు చూచి, "లేసు అల్లేదాన్ని. నీకు తెలీదేంటి?" అనెను.

2011లో ఆ వరుస ముగియువరకు నేను ఆగియుండవలసినది.