ఖుసూర్ ఎవరిది?

పెళ్లయి ఆరేళ్లయినా మా ఖాలా కోడలికి ఔలాద్ కలగలేదు. పెనుకొండ బాబయ్య దర్గాలో మన్నత్ అయింది. తావీజులయ్యాయి. అనంతపురంలో స్కానింగులు, సూదులు అయ్యాయి. అన్నీ భాభీకే. భాయ్‌కి మాత్రం ఒక్క టెస్టూ లేదు.

"మర్ద్‌కి టెస్టేందిరా? ఇజ్జత్ ఏం కావాల?" అంది ఖాలా.

డాక్టర్ సాబ్ పట్టుబట్టాడు, నేను తోడుపోయినాను. రిపోర్టులో వీర్యకణాల సంఖ్యా తక్కువే, కదలికా తక్కువే.

"ఏం పని చేస్తారు?" అని అడిగాడాయన.

శనక్కాయ సేద్యం. చేన్లో ఎర్ర గొంగళిపురుగు కనపడితే చాలు, వీపున ట్యాంకు పెట్టుకుని, బనీను మీదే మందు కొడతాడు. చేతికి తొడుగుండదు, మూతికి గుడ్డ ఉండదు. 2011 మేలో సుప్రీంకోర్టు ఆపేదాకా ఎండోసల్ఫాన్ కూడా కొట్టాడు. ఆ బట్టలు ఉతికేది భాభీ.

"మందువల్లే అని ఒక్క రిపోర్టు చూసి చెప్పలేను, కానీ జాగ్రత్త పడండి" అన్నాడు డాక్టర్.

ఇంటికొచ్చి చదివినాను. 1977లో కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే పురుగుమందు తయారుచేసే కార్మికులు తమకు పిల్లలు కలగడం లేదని గమనించుకున్నారు. పరీక్షిస్తే చాలామందిలో వీర్యకణాలు తక్కువగా ఉన్నాయి, కొందరిలో అసలే లేవు. కేరళ కాసరగోడ్‌లో ఎండోసల్ఫాన్ చల్లిన ఊళ్లో మగపిల్లలకు యుక్తవయసు ఆలస్యమైందని 2003లో ఒక అధ్యయనం తేల్చింది.

ఇలాంటి కొన్ని రసాయనాలు మన హార్మోన్ల పనిలో వేలు పెడతాయి. ఇనుముకు జంగ్ పట్టినట్టు వీర్యకణాలను ఆక్సీకరణతో దెబ్బతీస్తాయి. ఆ జంగ్‌ను అడ్డుకునే ఎంజైముల్లో జింక్, సెలీనియం ఉంటాయి.

జింక్ మాటెత్తగానే భాయ్ నవ్వాడు. "చేనుకేస్తాం కదా, జింక్ సల్ఫేట్!"

మరుసటి రోజే 'మర్దానా తాఖత్' అని రాసున్న డబ్బా కొనుక్కొచ్చాడు. నేను ఆపినాను. మందు తినిపించిన ఎలుకల్లో ఈ ఖనిజాలు నష్టాన్ని తగ్గించిన మాట నిజమే. కానీ అమెరికాలో 2,370 జంటల మీద పరీక్ష చేసి 2020లో ఫలితాలు చెప్పారు. మగవాళ్లు ఆరు నెలలు రోజూ 30 మిల్లీగ్రాముల జింక్, దాంతో ఫోలిక్ యాసిడ్ వేసుకున్నా పిల్లలు పుట్టడం పెరగలేదు. సెలీనియం ఎక్కువైతే జుట్టు రాలుతుంది, గోళ్లు విరుగుతాయి. ఒంట్లో కొరత ఉంటే డాక్టర్ చెప్తాడు. లేకపోతే మన శనక్కాయలు, నువ్వులు, గుడ్లు, గోష్ట్ చాలు. తలుపు బార్లా తెరిచిపెట్టి పహరాదారును పెట్టుకుంటే ఏం ఫాయిదా?

ఇప్పుడు భాయ్ నిండు చేతుల చొక్కా, గ్లౌజులు వేసుకుంటున్నాడు. గాలికి ఎదురుగా మందు కొట్టడు. ఆ బట్టలు వేరేగా తానే ఉతుక్కుంటాడు. కొత్త వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. అందుకే మూడు నెలలకు మళ్లీ టెస్టు. దానికింకా నెలుంది.

మొన్న జుమా నమాజ్ అయ్యాక భాయ్ అన్నాడు: "అమ్మీ, ఇంక దాన్ని ఏమీ అనొద్దు. లోటు నాలో ఉంది."

ఖాలా చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు నుంచి దువాలో ఇద్దరి పేర్లూ తీస్తోంది.

మన ఇళ్లలో కూడా అంతే కావాలి. దువా ఇద్దరికీ, టెస్టూ ఇద్దరికీ.