హృదయకుహరమూ, గాజుపేటికా

తిరువూరులో వేదాంతశ్రవణం చేసే గృహస్థులకు ఈజిప్టు రాజుల సమాధులు చిరపరిచితమైన దృష్టాంతం. దేహాత్మభ్రాంతికి ఇంతకన్న నిదర్శనం కావాలా అని ప్రవచనకారుడు ప్రశ్నిస్తాడు, సభ నవ్వుతుంది. నవ్వదగిన సామగ్రి లేకపోలేదు. 1922లో హోవర్డ్ కార్టర్ కనుగొన్న టుటంఖామన్ సమాధిలో ఐదువేలకు పైగా వస్తువులు లభించాయి. ఇరవై ఏండ్లు నిండని ఆ రాజును పరుండబెట్టిన లోపలి పేటిక ఒక్కటే సుమారు 110 కిలోల బంగారం. ఆ నిధులలో కొన్నింటిని 1972లో లండనులో ప్రదర్శిస్తే పదహారు లక్షలమందికి పైగా దర్శించారు. విత్తంతో అమృతత్వం సిద్ధిస్తుందా అని మైత్రేయి యాజ్ఞవల్క్యుని అడిగిన ప్రశ్న ఆ బారులలో నిలిచిన ఎందరికి స్ఫురించిందో!

ఆ సభలో నవ్వినవారిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడున్నాడు. కొంతకాలానికి ఆయన ధర్మపత్ని గతించింది. కుమారుడు అమెరికాలో ఉన్నాడు. "నాన్నా, నేను వచ్చేదాకా అమ్మను ఉంచండి" అని ఫోనులో విలపించాడు. అద్దెకు తెచ్చిన ఫ్రీజర్ బాక్సులో ఆమె దేహం రెండు రాత్రులు ఉన్నది. శరీరం జీర్ణవస్త్రమని పదిమందికి బోధించిన ఆ వృద్ధుడు, గాజుమూతపై చేరిన తేమను కండువాతో తుడుస్తూ తెల్లవారేదాకా కూర్చున్నాడు. పర్యుషితదోషానికి పురోహితుడు ప్రాయశ్చిత్తం చేయించిన పిదపనే దహనం జరిగింది.

సంవత్సరీకానికి వచ్చిన కుమారుడు తిరుగుప్రయాణానికి ముందు తండ్రిని హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు ప్రదర్శనశాలకు తీసుకువెళ్లాడు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1930లో ఇచ్చిన మమ్మీ అక్కడున్నది. నైషు అనే రాకుమారిదని, సుమారు రెండున్నర వేల ఏండ్లనాటిదని చెబుతారు. వస్త్రపట్టీలు చుట్టిన ఆ చిన్న దేహం గాజుపేటికలో ఉన్నది.

"ఇన్నాళ్లు ఎందుకు ఉంచారు నాన్నా?"

"ఎవరో వస్తారనిరా."

ఆ మాట యథార్థమే. 'బా' అనే జీవాంశ మానవముఖం గల పక్షియై తిరిగి వస్తుందని, తన దేహాన్ని గుర్తించి అందులో విశ్రమిస్తుందని ఈజిప్టువారి విశ్వాసం. భోగలాలసకన్న నిరీక్షణే ఇందులో అధికం.

మరొక విశేషం విచారణీయం. వారు మెదడును నాసిక ద్వారా తీసి పారవేసేవారు. ఊపిరితిత్తులు, కాలేయాదులను పాత్రలలో భద్రపరచేవారు. హృదయాన్ని మాత్రం సాధారణంగా కదిలించేవారు కారు. పరలోకంలో దానిని సత్యదేవత మాత్ యొక్క ఈకతో తూచుతారట. తూకంవేళ అది తమకు ప్రతికూలంగా సాక్ష్యమీయరాదని, ప్రార్థన చెక్కిన రాతి పేడపురుగును రొమ్ముపై ఉంచేవారు. హృదయంలో సాక్షి ఉన్నాడని దుష్యంతుని సభలో శకుంతల చెప్పలేదా? సాక్షి విషయంలో భేదం లేదు. వారు ఆ సాక్షికి వెరచారు. మన ఋషులు ఆ సాక్షియే తామని తెలుసుకొనమన్నారు. ఛాందోగ్యంలోని దహరవిద్య హృదయకమలంలోని సూక్ష్మాకాశాన్ని చూపి, దేహజరతో అది జీర్ణించదని, దేహవధతో హతం కాదని ఉపదేశిస్తుంది. అట్టి దానికి పట్టీలూ అక్కరలేదు, పేటికా అక్కరలేదు.

ఉపాధ్యాయుడు ఇదంతా కారులో వివరించాడు. కుమారుడు శ్రద్ధగా విని, "అయినా నాన్నా, అమ్మ ముఖం చూడగలిగాను" అన్నాడు.

ఆయన ఖండించలేదు.