సనా, ఫనా
మా బేటీ ఈసీఈ మూడో ఏడు. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్‌లో ఒకసారి ఫెయిలైంది. ఫార్ములాలన్నీ హిఫ్జ్ చేసింది గానీ మతలబ్ తెలియక, మళ్లీ ఇమ్తెహాన్ అంటే వణుకుతోంది.

మొన్న మా చెల్లి పాపకు సనా అని పేరు పెట్టామని ఫోన్‌లో చెబితే, ఊళ్లో ఉన్న ఖాలాకు 'ఫనా' అని వినపడింది. "తౌబా! పసిబిడ్డకు అదేం పేరు?" అంది.

బేటీ కాగితం తీసింది. మామూలు ఫోన్ ఆవాజ్‌ను సెకనుకు 8,000 సార్లు కొలుస్తుంది. అందులో సగం, అంటే 4,000 హెర్ట్‌జ్ లోపు శబ్దాలే సరిగ్గా తిరిగొస్తాయి. పైవాటిని రానిస్తే వేరే శబ్దాల వేషం కట్టి కలిసిపోతాయి. అందుకే ముందే ఫిల్టర్‌తో 3,400 దగ్గర కోసేస్తారు. 'స'లోని బుస చాలావరకు ఆ పైనే! "నైక్విస్ట్ చెప్పింది ఇదేనా అబ్బా!" అంది.

వెంటనే ఖాలాకు ఫోన్ చేసి ఉర్దూలో అంతా వివరించింది.

"పైసలు పూర్తిగా తీసుకుని ఆవాజ్ కోస్తారా!" అంది ఖాలా.