జోలియట్ పట్టణమున మా చెల్లెలి చదువు

మా చెల్లెలు అమెరికా దేశమున ఇల్లినాయి రాష్ట్రమునందు కాపురముండి పదియేండ్లు కావచ్చినది. ఇద్దరు పిల్లలు బడికి పోవు వారైన పిమ్మట, తన ముప్పది నాల్గవయేట, ఆమె మరల కళాశాలలో చేరెను. అదియు రక్తపరీక్షలు చేయు విద్య నేర్చుటకు. ఈ వార్త వినినది మొదలు మా అమ్మకు నిద్ర లేదు. "పరుల నెత్తురు తీయు పని మన ఇంటి పిల్లకేల? నీవైన చెప్పి మాన్పింపుము" అని మాకు అప్పగింత పెట్టినది. నిజము చెప్పవలెనన్న మా మనస్సును అట్లే యుండెను. మా వారి బడికి వేసవి సెలవు లియ్యగానే ఇరువురమును బయలుదేరితిమి.

చికాగో నగరమునుండి నైరుతిగా గంటకు పైగా కారులో పోయిన జోలియట్ పట్టణము వచ్చును. ఊరి నడుమ డెస్ ప్లెయిన్స్ నది పారుచున్నది. పడవలు వచ్చునప్పుడు వంతెనలు చేతులెత్తినట్లు పైకి లేచి దారి యిచ్చును. అచటి గనులలోని సున్నపురాతితో కట్టిన పాత కట్టడములు లేత పసుపు వన్నెతో కనుపట్టును. వానిలో నొకటి ఉన్నత పాఠశాల. మా వారు బడిపంతులు గనుక దానిని చూడక కదలమనిరి.

1901వ సంవత్సరమున ఆ పాఠశాల అధికారియగు స్టాన్లీ బ్రౌనుగారును, చికాగో విశ్వవిద్యాలయాధ్యక్షులగు హార్పరుగారును ఆలోచించి, పిల్లలు ఇల్లు విడిచి పోకయే మరి రెండేండ్లు పైచదువు చదువుకొనునట్లు ఏర్పాటు చేసిరట. నాడు చేరినవారు ఆరుగురే. నేడు ఆ దేశమున అట్టి కమ్యూనిటీ కళాశాలలు సుమారు వేయి కలవు. ఆ ప్రాంతమువారు పన్ను కట్టుదురు గనుక స్థానికులకు జీతము తక్కువ. వయసు మీరినదని ఎవరును తలుపు మూయరు. అయినను వైద్య సంబంధమగు తరగతులలో చేరుటకు ముందుగా శరీరశాస్త్రము, రసాయనశాస్త్రము వంటివి చదివి మంచి మార్కులు తెచ్చుకొనవలెను.

మా చెల్లెలు చదువు కళాశాల ఆ ప్రాంతముననే యున్నది. బంధువులను రానిచ్చు దినమున ఆమె మమ్ము తన తరగతికి తోడ్కొని పోయెను. పందొమ్మిదేండ్ల పిల్ల ప్రక్కన మనుమలున్న ఆవిడ కూర్చుండెను. నిన్నటి దాక లారీ నడిపిన వాడొకడు శ్రద్ధగా గాజుపలక మీద నెత్తురుచుక్క పరచుచుండెను. బల్లమీద రబ్బరు చేయి యొకటి కలదు. దానిలో నరములవలె గొట్టములు, గొట్టములలో ఎఱ్ఱనీరు. దానిని చూడగానే మా తండ్రిగారు చిన్ననాడు చెప్పిన సుశ్రుతసంహిత జ్ఞప్తికి వచ్చినది. సిరలు గ్రుచ్చు నేర్పును శిష్యుడు మొదట చచ్చిన పశువుల సిరలమీదను, కలువకాడలమీదను అభ్యసింపవలెనని ఆ గ్రంథము చెప్పుచున్నది. కలువకాడ రబ్బరు చేయి అయినది, అంతియే.

మా చెల్లెలు ఆ చేతికి పట్టీ బిగించెను. "అక్కా, ఇది నిమిషమునకు మించి ఉండరాదు; ఉన్నచో లెక్కలు తప్పును" అనెను. నీలిమూత గొట్టము ఊదామూత గొట్టమునకు ముందే నింపవలెనట. ఊదా దానిలోని మందు రవ్వంత తగిలినను తరువాతి గొట్టములో పొటాషియము లేనిది ఉన్నట్లు తోచునట. నింపిన గొట్టమును మెల్లగా తలక్రిందులు చేయవలెనే కాని ఊపరాదు. ఊపిన రక్తకణములు పగులును.

"ఇన్నిటికంటె ముఖ్యమేది?" అని మా వారడిగిరి.

"పేరు, బావగారూ. 'మీరు ఫలానా వారేనా?' అని అడుగరాదు. నీరసములో ఎవరైనను ఔననెదరు. పేరును పుట్టినతేదియు వారి నోటనే చెప్పించి, నెత్తురు తీసిన వెంటనే, వారి యెదుటనే గొట్టమునకు చీటి అంటింపవలెను. అంటింపక అడుగు కదపరాదు" అనెను.

మేమిద్దరము ఒకరి మొగమొకరము చూచుకొంటిమి. ఆరేండ్ల క్రిందట ఒక పరీక్షశాలలో మా అత్తగారి పేరుగల మరియొక ముసలమ్మ నెత్తురు తారుమారైనది. లేని మధుమేహమునకు మా అత్తగారు మాత్రలు మ్రింగి, ఒకనాటి రాత్రి చెమటలు పట్టి స్పృహ తప్పి పడిపోయిరి. వైద్యుడు మంచివాడే; మందును మంచిదే. తప్పినది ఒక చిన్న చీటి.

చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు ఉపచారజ్ఞానము, నేర్పు, అనురాగము, శుచిత్వము ఉండవలెననెను. ఈ మాట చిన్ననాడే చదివియు మూడవ పాదము తక్కువదని యెంచితిమి. తప్పు గ్రంథమునది కాదు, మాది.

ఆ రాత్రి అమ్మతో ఫోనులో మాటాడితిమి. మాన్పింపలేదని చెప్పి, అత్తగారి సంగతి గుర్తుచేసితిమి. అమ్మ కొంతసేపు పలుకలేదు. పిదప, "దానికి చేయి వణకదు గదా?" అని మాత్ర మడిగినది. వణకలేదని చెప్పితిమి.

సోదరీమణులారా! ఈ విద్యకై సముద్రము దాటనక్కరలేదు. మన ఉభయ తెలుగు రాష్ట్రములలోను ఇంటర్మీడియట్ వృత్తివిద్యయందే ల్యాబ్ టెక్నీషియన్ శిక్షణ కలదు. ఇట్టి వృత్తుల వారికొక క్రమము నేర్పరచుచు 2021లో మన దేశమున చట్టమును వచ్చినది. మీ యింట నొక పిల్ల ఈ చదువు కోరినచో, మావలె సముద్రము దాటివచ్చి చూచిన గాని ఒప్పుకొనమనకుడు.